కారుతున్న రేడియేటర్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం: పాత మారుతి 800తో మొదటి నుంచి చివరి దాకా

మాది 2003 మోడల్ మారుతి 800. నాన్న కొన్న బండి, ఇప్పుడు నా చేతికొచ్చింది. ఒక మే నెలలో కావలి నుంచి ఒంగోలు పోతుంటే ఉలవపాడు దగ్గర టెంపరేచర్ సూది ఎర్రగీత మీదికి ఎక్కి కూర్చుంది. హైవే పక్కన మామిడికాయలు అమ్మే పందిరి కనిపిస్తే అక్కడ ఆపాను. బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి. నేను గుడ్డ చేతికి చుట్టుకుని మూత తీయబోతే, కాయలమ్మే ఆమె కేకేసింది: "మూత తియ్యబాక నాయనా, మొహం కాల్తది. ముందు చల్లారనీ."

ఆమె మాటే నన్ను కాపాడింది. ముప్పావుగంట నీడలో కూర్చుని, మూడు కాయలు తిని, ఆమె ఇచ్చిన బిందెడు నీళ్లు కొంచెం కొంచెంగా పోసుకుని, దారిలో రెండుసార్లు ఆగి ఇల్లు చేరాను. తర్వాతి ఆదివారం మా ఇంటి ముందరే రేడియేటర్, అంటే ఇంజిన్ వేడిని మోసుకొచ్చే నీళ్లను చల్లబరిచే జాలీ, మార్చాను. మొదటిసారి కాబట్టి పొద్దున ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. రెండోసారి చేస్తే మూడు గంటల పని. విప్పడం, బిగించడం పదో తరగతి పిల్లాడు కూడా చేయగలడు. జనం దెబ్బతినేది రెండు చోట్ల: లోపల చిక్కుకున్న గాలి పూర్తిగా తీయకపోవడం, మళ్లీ బోరు నీళ్లే పోయడం. అందుకే ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఇక్కడ చెప్పేది కార్బొరేటర్ కాలం నుంచి ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి) దాకా వచ్చిన చిన్న పెట్రోలు కార్ల గురించి. పాత జెన్, ఆల్టో, శాంత్రోలకు కూడా పద్ధతి దాదాపు ఇదే, బోల్టులు ఉండే చోట్లు మారతాయి.

కారేది నిజంగా రేడియేటరేనా?

డబ్బులు పెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. నీళ్లు తగ్గుతున్నాయంటే చాలామంది నేరుగా రేడియేటర్ మీద పడతారు. అది పై మూత రబ్బరు పోయి కావచ్చు, పైపు చివర పగిలి కావచ్చు, వాటర్ పంపు కింద ఉండే చిన్న కన్నంలోంచి కావచ్చు. హీటర్ ఉన్న బండి అయితే డాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్, అంటే బండి లోపలికి వేడి ఇచ్చే చిన్న రేడియేటర్, కారుతుండొచ్చు. అప్పుడు బయట చుక్క పడదు, ముందు సీటు కింద కార్పెట్ తడుస్తుంది.

రాత్రి బండి ఆపాక ముందు భాగం కింద ఒక పెద్ద అట్టపెట్టె విప్పి పరవండి. పొద్దున తడి ఎక్కడుందో చూస్తే పై నుంచి ఏది కారుతుందో సగం తెలుస్తుంది. ఏసీ ఉన్న బండి కింద పడే శుభ్రమైన నీళ్లు చూసి కంగారు పడొద్దు, అది ఏసీ నీరు. తర్వాత టార్చిలైటుతో రేడియేటర్ మొత్తం వెతకండి. కారి ఎండిన చోట తెల్లగా ఉప్పు పేరుకున్నట్టో, పచ్చగా చిలుం పట్టినట్టో, తుప్పు రంగు చారలాగో మరక ఉంటుంది. నా బండిలో పైన ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియం కోర్‌ను (నీళ్లు పారే సన్న గొట్టాల జాలీని) కలిసే అంచు పొడవునా తెల్లటి చార ఉంది. ఇంజిన్ వేడెక్కి లోపల ప్రెషర్ పెరిగినప్పుడే అక్కడ చెమర్చేది, చల్లగా ఉన్నప్పుడు చుక్క కూడా కారేది కాదు. ఇలాంటి లీకును కళ్లతో పట్టుకోవడం కష్టం. అనుమానం తీరకపోతే, మూత స్థానంలో చేతిపంపు బిగించి ప్రెషర్ పెట్టే టెస్టర్ రేడియేటర్ వర్క్స్ వాళ్ల దగ్గర ఉంటుంది, వాళ్ల చేత చూపించుకోండి.

ఇంకొకటి చూడకుండా ముందుకు పోవద్దు. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలోంచి బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయా? ఆయిల్ పోసే మూత లోపల మజ్జిగలాంటి జిడ్డు ఉందా? ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగడం లేదా? వీటిలో ఏదున్నా హెడ్ గ్యాస్కెట్ మీద, అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌కు, కింది భాగానికి మధ్య ఉండే రేకు మీద, అనుమానపడాలి. అప్పుడు రేడియేటర్ మార్చినా ఉపయోగం లేదు, ముందు మెకానిక్‌ను కలవాలి.

టంకం వేయిస్తే సరిపోదా?

పాత బండ్ల రేడియేటర్లు రాగి, ఇత్తడివి. వాటికి టంకం వేయొచ్చు, పై ట్యాంకు విప్పి గొట్టాల్లో సన్నటి కడ్డీ దూర్చి గార గీకొచ్చు. అలాంటిది మీ దగ్గరుంటే పారేయకుండా ముందు వర్క్‌షాపుకు తీసుకెళ్లండి. తర్వాత వచ్చినవి అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, మధ్యలో ఉండే రబ్బరు గట్టిపడుతుంది. దానికి టంకం ఉండదు. ఎమ్‌సీల్ ముద్ద పెడితే ఊరు చేరుస్తుందేమో గానీ, వేడికి సాగి, చల్లబడి ముడుచుకునే చోట అది ఎక్కువ రోజులు పట్టి ఉండదు.

పసుపు సంగతి కూడా చెప్పాలి. లారీ డ్రైవర్లు రేడియేటర్‌లో గుప్పెడు పసుపు పోయడం మనవైపు కొత్తేమీ కాదు. చిన్న చిల్లు దగ్గర పసుపు ఉబ్బి పేరుకుని లీకు తాత్కాలికంగా ఆగుతుంది, అబద్ధం కాదు. కానీ చిల్లు పూడ్చే పసుపే సన్నటి గొట్టాలనూ పూడుస్తుంది. మా నాన్న ఎప్పుడో పోసినట్టున్నాడు, నేను బండి కడిగిన రోజు ఇంజిన్ లోంచి పులిహోర రంగు బురద వచ్చింది. నడిరోడ్డు మీద తప్పనిసరైతే పోయండి, ఇంటికొచ్చాక కడిగేయండి.

అసలు ఎందుకు పోయింది?

మా ఇంటి బోరు నీళ్లతో స్నానం చేస్తే సబ్బు నురగ రాదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఉప్పు, కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు గట్టి నీళ్లు, దానికి తోడు ఫ్లోరైడ్. టీ గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టే నీళ్లు రేడియేటర్‌లో మాత్రం ఏం చేస్తాయి? అక్కడ రోజూ మరుగుడుకు దగ్గరగా వేడెక్కుతాయి. సున్నం గొట్టాల గోడలకు అంటుకుని దారి సన్నబడుతుంది, ఉప్పు అల్యూమినియంను తింటుంది.

మా తాత బిట్రగుంట లోకో షెడ్‌లో పనిచేశాడు. బొగ్గింజన్ల బాయిలర్లను లెక్క ప్రకారం ఖాళీ చేసి, లోపల పట్టిన గార కడిగేవాళ్లట. అది చేయకపోతే బొగ్గు ఎంత వేసినా ఆవిరి అందదని చెప్పేవాడు. అంత కథ విని పెరిగిన నేనే పదేళ్ల పాటు కారులో బోరు నీళ్లు పోశాను. ఉలవపాడు దగ్గర ఆవిరి వచ్చినప్పుడు కూలెంట్ (రేడియేటర్ నీళ్లలో కలిపే ద్రవం) తాలూకు తియ్యటి వాసన అసలు రాలేదు. అది ఎప్పుడో పోయింది, లోపల తిరుగుతున్నది ఉత్త ఉప్పునీళ్లే.

ఏమేం కొనాలి

రేడియేటర్ కొనేటప్పుడు బండి మోడల్ సంవత్సరం, కార్బొరేటరా ఎంపీఎఫ్ఐనా, ఏసీ ఉందా లేదా చెప్పండి. ఆర్‌సీ ఫోటో ఫోన్‌లో పెట్టుకుంటే మంచిది. ఏసీ బండికి సాధారణంగా కోర్ మందంగా ఉంటుంది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా సామాను దొరకడం ఇంకా కష్టం కాలేదు. నెల్లూరు ఆటోనగర్‌లోనో ఒంగోలులోనో రెండు మూడు షాపులు తిరగండి. చవకరకం తెచ్చుకుంటే గొట్టాల వరుసలు తక్కువ ఉంటాయి, బోల్టు రంధ్రాలు సరిగ్గా కూర్చోవు. షాపతనితో "సరిపోకపోతే వాపసు తీసుకుంటావా అన్నా" అని ముందే మాట తీసుకోండి.

రేడియేటర్‌తో పాటు పై పైపు, కింది పైపు, నాలుగు క్లిప్పులు, కొత్త మూత తప్పకుండా కొనండి. పాత పైపులు చేతితో నొక్కితే కరకరమంటుంటే వాటి పని అయిపోయినట్టే. మూత మీద అది ఎంత ప్రెషర్ దాకా ఆపుతుందో చెప్పే అంకె ఉంటుంది, నా బండిది 0.9. మీ పాత మూత మీద ఏ అంకె ఉందో అదే తీసుకోండి. ఇదొక చిన్న డబ్బీ మూత అనుకోవద్దు. అది లోపల ప్రెషర్ నిలబెడితేనే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరిగిపోకుండా ఇంకో పదిహేను ఇరవై డిగ్రీలు తట్టుకుంటాయి. ఎక్కువ అంకె మూత పెడితే ఇంకా మంచిది కదా అని పెట్టారో, పాత పైపో, హీటర్ కోరో పగులుతుంది.

థర్మోస్టాట్‌ను (ఇంజిన్ వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే కవాటం), దాని గ్యాస్కెట్‌ను కూడా అదే పనిలో మార్చడం నా సలహా. పెద్ద ఖర్చు కాదు, మళ్లీ అన్నీ విప్పే బాధ తప్పుతుంది.

కూలెంట్ రెండు రకాలుగా అమ్ముతారు. చిక్కటిది, నీళ్లు కలపాల్సింది. కలిపి ఉన్నది, నేరుగా పోసేది. డబ్బా మీద చదివి కొనండి. చిక్కటిది తీసుకుంటే సమానంగా కలపడానికి డిస్టిల్డ్ వాటర్, అంటే బ్యాటరీలో పోసే నీళ్లు, పెద్ద క్యాను కొనండి. యాసిడ్ కలిపిన బ్యాటరీ నీళ్లు ఇవ్వకుండా చూసుకోండి. ఆర్వో నీళ్లు చాలవా అంటారు. బోరు నీళ్ల కంటే నయమే, కానీ డిస్టిల్డ్ వాటర్ ధరకు, రేడియేటర్ ధరకు మధ్య తేడా చూస్తే కక్కుర్తి పడాల్సిన చోటు ఇది కాదు.

చిక్కటి కూలెంట్ నీళ్లు కలపకుండా మొత్తం పోస్తే బండి ఇంకా చల్లగా ఉంటుందనుకోవడం కూడా తప్పు. వేడిని మోసుకుపోవడంలో నీళ్లదే పైచేయి. కూలెంట్ మరిగే స్థాయిని పెంచుతుంది, తుప్పు ఆపుతుంది. రెండూ కావాలి.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు: 10, 12 మిల్లీమీటర్ల పానాలు లేదా సాకెట్లు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, పాత బ్లేడు, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, గరాటు, తుప్పు వదిలించే స్ప్రే, చేతి గ్లౌజులు, పాత గుడ్డలు. ముందురోజు సాయంత్రమే బోల్టుల మీద స్ప్రే కొట్టి వదిలేస్తే పొద్దున మీతో గొడవ పడవు.

విప్పడం

రోహిణి కార్తెలో ఈ పని పెట్టుకునేవాళ్లు తెల్లవారుజామునే మొదలుపెట్టండి. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉంటుంది, మీకూ ఎండ తగలదు. నేల సమంగా ఉన్న చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి.

మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. చాలా బండ్లలో తాళం తీసేసినా వేడికి ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, వేళ్లు అక్కడ ఉంటే అంతే.

చల్లగా ఉందని చేత్తో తాకి చూశాక మూత తీయండి. రేడియేటర్ కింద ఒక మూల ఉండే డ్రెయిన్ ప్లగ్ కింద తొట్టి పెట్టి, ప్లగ్ నెమ్మదిగా వదులు చేయండి. ప్లాస్టిక్ ప్లగ్ అయితే బలం పెట్టొద్దు, విరిగిపోతుంది. రాకపోతే దాన్ని వదిలేసి కింది పైపు తీసి దింపండి, ఎలాగూ అది మారుస్తున్నాం. అప్పుడు నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి, మోచేతి దాకా తడవడానికి సిద్ధపడండి.

చేతికి అందకపోతే బండి ఎత్తాల్సి రావచ్చు. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకండి. మన ఇళ్ల దగ్గర చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పడి ఉంటాయి, వాటి మీద బండి నిలబెట్టే ఆలోచన కూడా వద్దు. రాయి ముందుగా చెప్పి పగలదు. జాకీ స్టాండ్లు లేకపోతే ముందు చక్రాలను రెండు మందపాటి చెక్క పలకల మీదికి ఎక్కించండి, అంగుళం రెండంగుళాలు చాలు.

దిగిన నీళ్లలో కూలెంట్ ఉంటే తొట్టి మీద వెంటనే మూత పెట్టండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు, పిల్లులు, దూడలు తాగేస్తాయి. అది విషం. కాలవలో, చేలో పారబోయొద్దు. డబ్బాలో పట్టి, పేరు రాసి, పిల్లలకు అందకుండా పెట్టి, పాత ఆయిలు తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇచ్చేయండి.

ఇప్పుడు ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఏ తీగ ఎక్కడ పోయింది, ఏ క్లిప్పు ఎటు తిరిగి ఉంది, ఏ పైపు దేని కింద నుంచి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఎండ నెత్తిన ఉన్నప్పుడు ఈ ఫోటోలే దిక్కు.

పై పైపు, కింది పైపు, రిజర్వ్ డబ్బాకు (పొంగిన నీళ్లు పట్టే ప్లాస్టిక్ డబ్బా) పోయే సన్న పైపు తీయాలి. క్లిప్పు వెనక్కి జరిపి పైపును పట్టుకుని ముందు మెలిపెట్టి తిప్పండి, తర్వాత లాగండి. అతుక్కుపోయి ఉంటే బ్లేడుతో పొడవుగా చీల్చి ఒలిచేయండి. ఇంజిన్ వైపు మెడ లోహంది, దాని మీద గీత పడకుండా చూడండి. స్క్రూడ్రైవర్ దూర్చి తన్నే పని చేయొద్దు.

ఫ్యాన్ తీగ సాకెట్ విప్పండి. కొన్ని బండ్లలో ఫ్యాన్ స్విచ్ రేడియేటర్‌కే బిగించి ఉంటుంది, కొన్నింటిలో ఇంజిన్ వైపు ఉంటుంది. రేడియేటర్ మీద ఉంటే దాని తీగ కూడా. తర్వాత ఫ్యాన్ చట్రం బోల్టులు తీసి ఫ్యాన్‌ను పైకి తీయండి, లేదా చోటు చాలకపోతే రేడియేటర్‌తో కలిపే తీయండి. పాతదాని రెక్కలు వంగినా పోయేదేమీ లేదు, కానీ ఏసీ బండిలో ముందు ఇంకో జాలీ ఉంటుంది, అది కండెన్సర్. దాని పైపులు విప్పితే గ్యాస్ పోతుంది, ప్రమాదం కూడా. దాన్ని అసలు ముట్టుకోకుండా, మధ్యలో ఒక అట్ట ముక్క దించి పని చేయండి.

చివరగా రేడియేటర్‌ను పట్టి ఉంచే బోల్టులు. తీసిన ప్రతి బోల్టునూ దాని చోటు రాసిన కాగితం మీద పెట్టండి, మా ఇంట్లో ఇడ్లీ ప్లేటు ఈ పనికి అద్భుతంగా పనికొచ్చింది, అయితే తర్వాత నాకు ఇడ్లీ పెట్టలేదు. రేడియేటర్‌ను నిలువుగా పైకి లేపండి. కింద రబ్బరు బుడిపెలు ఉంటే అవి చట్రంలోనే ఉండిపోతాయి, చూసి తీసి పెట్టుకోండి.

బిగించే ముందు

కొత్తదాన్ని, పాతదాన్ని పక్కపక్కన నిలబెట్టి పోల్చండి. పైపు మెడల మందం, వంపు, బోల్టు రంధ్రాలు, ఫ్యాన్ స్విచ్ చోటు, ఎత్తు. తేడా ఉంటే ఇప్పుడే షాపుకు పొండి, బిగించి మరకలు పడ్డాక వాపసు తీసుకోరు.

ఇక ఇంజిన్ లోపల కడగడం. కొత్త రేడియేటర్ పెట్టేసి పాత బురద దాంట్లోకే పంపితే అదీ పాడవుతుంది. థర్మోస్టాట్ తీసేసి, దాని మూత ఖాళీగా బిగించి, పై పైపు చోట గార్డెన్ పైపు పెట్టి నీళ్లు వదలండి. కింది నుంచి శుభ్రమైన నీళ్లు వచ్చే దాకా, తర్వాత అటు నుంచి ఇటు తిప్పి ఇంకోసారి. ఈ కడుగుడుకు బోరు నీళ్లు పర్వాలేదు, కానీ ఆఖరి రెండు లీటర్లు డిస్టిల్డ్ వాటర్‌తోనే తొలవండి. కాస్టిక్ సోడా, బాత్రూమ్ యాసిడ్ పోసి గార వదిలిస్తామనే వాళ్ల మాట వినొద్దు, అల్యూమినియం హెడ్ కరుగుతుంది. రిజర్వ్ డబ్బా కూడా తీసి లోపల కడగండి.

కొత్త థర్మోస్టాట్ అయినా బిగించే ముందు పరీక్షించండి. దారం కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. దాని మీద రాసిన డిగ్రీల దగ్గర, చాలా చిన్న మారుతిలకు 82, తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి. బయట పెట్టగానే మూసుకోవాలి. దాని అంచు మీద చిన్న కన్నం, అందులో ఊగే పిన్ను ఉంటే, ఆ కన్నం పైవైపుకు వచ్చేలా బిగించండి. గాలి బయటికి పోయేది దాని లోంచే.

బిగించడం

తీసిన వరుసకు తలకిందులు. రబ్బరు బుడిపెలు సరిగ్గా పెట్టి, అట్ట అడ్డంగా ఉంచి కొత్త రేడియేటర్ దించండి. అన్ని బోల్టులూ ముందు వేళ్లతో మూడు నాలుగు మరలు తిప్పాకే పానా పట్టండి. బలం మోచేతి నుంచి కాదు, మణికట్టు నుంచి రావాలి. మారుతి బోల్టు ఊరికే తెగుతుంది, తెగింది లోపల ఉండిపోతే ఆదివారం పోయినట్టే.

పైపులు ఎక్కించేటప్పుడు గ్రీజు, ఆయిలు రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. కూలెంట్ చుక్క రాస్తే జారుతుంది. మెడ మీద చిన్న గట్టు ఉంటుంది, క్లిప్పు ఆ గట్టు దాటి లోపల పడాలి. గట్టు మీదే పడితే మొదటి వేడికే ఊడుతుంది. ప్లాస్టిక్ మెడ మీద క్లిప్పు మరీ బిగించినా పగులుతుంది.

ఫ్యాన్ చేత్తో తిప్పి చూడండి, కోర్‌కు తగలకూడదు. డ్రెయిన్ ప్లగ్ బిగించారా అని ఇంకోసారి చూడండి. నేను బిగించలేదు. పోసిన మొదటి లీటరు నా చెప్పుల్లోకి పోయింది.

పోయడం, గాలి తీయడం

మా వీధిలో ఒకాయన రేడియేటర్ మార్పించుకుని, మూడో రోజు మళ్లీ బండి ఉడికిందని కొత్తదాన్ని తిట్టాడు. లోపల గాలి బుడగ చిక్కుకుంటే సెన్సార్ చుట్టూ నీళ్లు ఉండవు, ఫ్యాన్ తిరగదు, సూది కూడా అబద్ధం చెప్పొచ్చు. కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

నా బండికి మొత్తం దాదాపు మూడున్నర లీటర్లు పట్టింది. మీ బండి పుస్తకంలో అంకె ఉంటుంది. కడిగాక ఇంజిన్‌లో కొంత నీరు ఎప్పుడూ మిగిలిపోతుంది, అందుకే బయట కలిపి పోస్తే పల్చబడుతుంది. మొత్తం అంకెలో సగం లెక్కగట్టి అంత చిక్కటి కూలెంట్ ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. కలిపి అమ్మేది కొన్నవాళ్లయితే, తొలిచిన నీళ్లు వీలైనంత వంచేశాక నేరుగా పోయండి.

వీలైతే బండి ముక్కు పైకి ఉండేలా, వాలు మీదనో చెక్కల మీదనో నిలబెట్టండి. గాలి పైకి పోతుంది కాబట్టి మూత అన్నింటి కంటే ఎత్తులో ఉండాలి. హీటర్ ఉంటే మీటను పూర్తి వేడి వైపు తిప్పండి. సన్నటి ధారగా పోస్తూ మధ్య మధ్యలో పై పైపును చేత్తో పిసకండి, బుడబుడమని బుడగలు వస్తాయి. రావడం ఆగే దాకా పిసకడం, పోయడం.

బ్యాటరీ తీగ పెట్టి, మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. మొహం మూత మీదికి వంచొద్దు, వదులు బట్టలు ఫ్యాన్, బెల్టు దగ్గరికి పోనివ్వొద్దు. పది నిమిషాలు మామూలు ఐడిలింగ్‌లో ఉంచండి. మట్టం తగ్గితే పోయండి. కొద్దిసేపటికి పై పైపు ఒక్కసారిగా వేడెక్కుతుంది, థర్మోస్టాట్ తెరుచుకుందన్నమాట. మట్టం గబుక్కున పడిపోతుంది. ఇంకా పోయండి. అప్పుడు నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తే మరికొన్ని బుడగలు వస్తాయి. పొంగి పైకి రావడం మొదలుపెడితే మూత బిగించేసి పక్కకు జరగండి.

ఇక ఫ్యాన్ కోసం ఎదురుచూడాలి. అది దానంతటదే తిరిగి, కాసేపటికి దానంతటదే ఆగాలి. రెండుసార్లు ఇలా జరిగితే సగం టెన్షన్ తీరినట్టు. తిరుగుతున్నప్పుడు గ్రిల్ ముందు కాగితం పట్టుకోండి, అది లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే ఫ్యాన్ తీగలు తారుమారయ్యాయి, రెక్క ఎదురు తిరుగుతోంది. సూది మధ్య దాటినా ఫ్యాన్ రాకపోతే బండి ఆపేయండి, స్విచ్, ఫ్యూజు, తీగ చూసుకోండి.

రిజర్వ్ డబ్బా రెండు గీతల మధ్య దాకా నింపి బండి పూర్తిగా చల్లారనివ్వండి. సాయంత్రం మూత తీసి చూస్తే మట్టం మళ్లీ కొంచెం తగ్గి ఉంటుంది. అది లీకు కాదు, మిగిలిన గాలి పోయిన చోటు. నింపండి.

తిప్పి చూడటం

మొదటి రోజే హైవే ఎక్కొద్దు. ఊళ్లోనే పది కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో కొంతసేపు నిలబెట్టి. హైవే మీద గాలి దానంతటదే తగులుతుంది, ఫ్యాన్ పనితనం తేలేది రైల్వే గేటు దగ్గర నిలబడ్డప్పుడే. రాత్రి మళ్లీ అట్ట పరవండి. పొద్దున పొడిగా ఉంటే చల్లటి ఇంజిన్ మీద మట్టం చూడండి. ఇలా వారం రోజులు. మూడో నాలుగో రోజు క్లిప్పులు ఒకసారి పానాతో తాకి చూడండి, కొత్త రబ్బరు వేడికి కూర్చుని కొంచెం వదులవుతుంది. వారం తర్వాత కూడా మట్టం రోజూ తగ్గుతుంటే, బయట తడి లేకపోతే, మొదట్లో చెప్పిన గ్యాస్కెట్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి.

దారిలో ఎప్పుడైనా సూది లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఉంటే పూర్తిగా పెట్టి, బండి పక్కకు తీయండి. వేడి ఇంజిన్‌లో చల్లనీళ్లు ఒక్కసారిగా పోస్తే హెడ్ పగలొచ్చు, కాబట్టి చల్లారాకే పోయండి. దొరికిన నీళ్లు ఏవైనా ఆ పూటకు పోయాల్సిందే, ఇల్లు చేరాక ఆ వారంలోనే దింపి మళ్లీ సరైనవి నింపుకోవాలి. నేను డిక్కీలో కలిపిన కూలెంట్ రెండు లీటర్ల సీసా పెట్టుకుంటున్నాను, మా చిన్నోడు చల్లటి షర్బత్ అనుకోకుండా దాని మీద పెద్ద అక్షరాలతో విషం అని రాసి.

పాత రేడియేటర్‌ను పాత ఇనుప సామాన్ల అతనికి ఇచ్చే ముందు అది రాగిదో అల్యూమినియందో మీరే తేల్చుకోండి, రాగికి ధర బాగా ఎక్కువ. కూలెంట్ పోసిన తేదీ, కిలోమీటర్ల అంకె ఒక కాగితం మీద రాసి బానెట్ లోపలి వైపు టేపుతో అంటించండి. డబ్బా మీద రాసిన గడువు దాటగానే మొత్తం దింపి కొత్తది పోయాలి. నా బండి బానెట్ కింద ఆ కాగితం మీద ఇప్పుడు రెండో తేదీ పడింది.